పారిపోయిన పాలబండి

పుంగనూరు,
జూన్ నెల.

సత్యానందం మామకు, విన్సెంట్ వందనాలు.

తప్పు చేసింది ముద్దుకృష్ణ. మా పల్లె పాల సెంటరు ఏజెంటు ముద్దుకృష్ణ! మన గొడ్లు మేసి, మన ఆడోళ్ళు పిండి, మనం మోసుకోని పోయిన పాలల్లో వెన్న వాడు మింగినాడు. ఈ మాట ఉత్తరం మొదట్లోనే రాస్తాండాను, ఎవురు చదివినా తెలియనీ.

ఎట్లా మింగినాడో విను. పాలల్లో వెన్న ఎంతుంటే రేటు అంత గదా. ఆ వెన్న చూసే ఫ్యాట్ మిషను ముఖాన్ని వాడు తన వైపు తిప్పి పెట్టుకున్నాడు. అంకె వాడే చూస్తాడు, వాడే నోటితో చెప్తాడు, మనోళ్ళు తలూపుకోని వస్తారు. సెంటరు పెట్టినకాడినుంచీ ఆ అంకెను కంటితో చూసినోళ్ళు లేరు. పట్టుకున్నది మా ఎదురింటి రెడ్డెమ్మత్త. మొగుడు పోయినాక ఒక్క జెర్సీ ఆవు మీద బతుకుతాండే మనిషి. ఒకే ఆవు పాలు రెండు చెంబుల్లో పోసింది. ఒకటి తన పేరున పోసింది, రెండోది ముద్దుకృష్ణ బామ్మర్ది పేరున పోయించింది. బామ్మర్ది పాలు చిక్కన, ఆయమ్మ పాలు నీళ్ళు! "ఒకే పొదుగురా పాపిష్టోడా!" అని ఆయమ్మ వీధి మొగదాకా వినపడేట్టు అరిచింది.

ఆ పొద్దు పల్లెంతా సెంటరును చుట్టుముట్టినాము. మిషను ముఖం జనం వైపు తిప్పించినాను. ముద్దుకృష్ణ రెడ్డెమ్మత్త అరుగు ముందర నిలబడి తప్పొప్పుకున్నాడు. మొదటి గెలుపు!

జెరాక్సు అంగట్లో పనిచేసి ఏం బాగుపడతావని నన్ను ఎగతాళి చేస్తివి గదా. ఈ అంగట్లో అచ్చయ్యే కరపత్రం ఒక్కటి కూడా వదలకుండా చదివినాను. రైతులవి, బీడీ కార్మికులవి, చేనేతోళ్ళవి. ఇప్పుడు నేనే ఒకటి రాసి అచ్చేసినాను, ఇందులో పెట్టినాను సూడు. నువ్వు పట్టాళంలో పనిచేసినోడివి. డైరీ పాలబండిని యాడ నిలేస్తే బాగుంటాదో ఒక్క మాట చెప్పు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు, మెసేజి పెడితే చదవవు, అందుకే ఇంత పొడుగు.

నీ విన్సెంట్.

*

కుప్పం,
జూన్ నెలాఖరు.

విన్సెంటూ,

నీ కరపత్రం చదివినాను. వాక్యానికొక ఆశ్చర్యార్థకం పెట్టినావు. పట్టాళంలో అయితే అన్నిసార్లు అరిచినోడిని మధ్యాహ్నం ఎండలో నిలబెడతారు.

మిషను జనం వైపు తిరిగింది. మంచి పని. రెడ్డెమ్మకు నా వందనాలు చెప్పు, నీకంటే తెలివైంది. మీకు కావలసింది అదే అయితే, వచ్చింది. ఇంక ఇంటికి పోయి పండుకో.

కాదు, ఇంకేదో కావాల అంటావా? అదేందో ఒక్క వరసలో రాసి పంపు. రెండు వరసలైతే చదవను. అది రాసేదాకా బండి జోలికి పోవద్దు. యాడ నిలేయాల అని అడిగినావు. నిలేసినాక సాయంత్రం పాలు యాడ పోస్తారు? అది ముందు చెప్పు.

మీ అమ్మ కాలి నొప్పి ఎట్లుండాది? మీ అక్క విమలను వేణ్ణీళ్ళ కాపడం పెట్టమను.

సత్యానందం.

*

పుంగనూరు,
జూలై.

మామా, వందనాలు.

ఒక్క వరస కాదు మామా, ఒక్క మాటలో చెప్తాను. న్యాయం!

నీ ఉత్తరం వచ్చేసరికే బండిని నిలేసినాము. కల్వర్టు కాడ, రెండు పక్కలా గుంత ఉండే చోట. నేనే ఎంచుకున్నాను, నువ్వు చెప్పకపోయినా. నాలుగు టైర్లకూ గాలి తీసినాము. డ్రైవరు వెంకటేష్ "నా ఉద్యోగం పోతాదన్నా, పోనీయన్నా" అని ఏడిస్తే, "మా పాలు పోయినప్పుడు యాడుంటివప్పా" అన్నాను. జనం చప్పట్లే చప్పట్లు.

పలమనేరు నుంచి డైరీ సూపర్‌వైజరు కారేసుకోని వచ్చినాడు. దుమ్ములో నిలబడి, చెమటలు తుడుచుకుంటా, ముద్దుకృష్ణను తీసేస్తామని అందరి ముందర చెప్పినాడు. రెండో గెలుపు! చెంగయ్య తెలుసు గదా నీకు, పెద్ద రైతు, ఎప్పుడూ నవ్వని మనిషి. ఆయప్పే పటాసులు తెచ్చి కాల్చి, తువ్వాలు తిప్పుకుంటా ఆడినాడు.

సాయంత్రం పాలు యాడ పోసినారని అడిగినావు గదా. రోడ్డు మీద పోసినాము! మా పల్లె పిల్లోడు శివకుమార్ ఫోన్లో తీసినాడు. ఆ వీడియో తిరుపతి దాకా పోయిందంట. రెడ్డెమ్మత్త కూడా పోసింది. "నువ్వు చెప్తే పోస్తానప్పా" అన్నది. అమ్మ మాత్రం పోయలేదు. "పాలు నేలపాలు చేసేది నేను చూడలేను" అని దూడకు తాపించింది. పాతకాలం మనిషి.

విన్సెంట్.

*

కుప్పం,
జూలై నెలాఖరు.

ఒరేయ్ విన్సెంటూ,

న్యాయం ఊరి పేరు కాదురా, బస్సెక్కి పోయి దిగడానికి. నేను యాడికి పోతాండావురా అని అడిగితే, శానా వేగంగా పోతాండాను అని రాసినావు.

కూర్చోని ఆలోచించు. గొడ్డు పొదుగు నీ మీటింగు కోసం ఆగదు. పొద్దున పిండాల, సాయంత్రం పిండాల. పిండకపోతే పొదుగు వాస్తాది, పిండితే పాలు విరుగుతాయి. డైరీవోడికి మీ పల్లె పోతే ఇంకో పల్లె. మీకు వాడి బండి పోతే ఏముండాది? ముట్టడి వేసినోడే లోపలుండేవోడికంటే ముందు ఆకలికి పడిపోతే, అదేం ముట్టడిరా?

సూపర్‌వైజరు దుమ్ములో నిలబడి చెమటలు తుడుచుకున్నాడు అని మురిసిపోయినావు. వాడు కార్లో కూర్చోని ఏసీ పెట్టుకున్నాక ఏమనుకున్నాడో అది ఆలోచించు.

బండిని ఇంకోసారి తాకేముందు మీ పాలకు ఇంకో నోరు వెతుకు. టీ అంగళ్ళు, హాస్టళ్ళు, పాలకోవా చేసేవోళ్ళు, ఎవురైనా సరే. ఆ పనికి చప్పట్లు కొట్టరు. వీడియో కూడా తీయరు. అందుకే చెప్తాండాను, అది చెయ్యి.

మీ అమ్మ పాతకాలం మనిషి కాదు. ఆ పొద్దు మీ పల్లెలో పాలు ఒక కడుపులోకి పోయింది ఆమె ఇంట్లోనే.

సత్యానందం.

*

పుంగనూరు,
ఆగస్టు.

ఈసారి వందనాలు రాయను మామా.

మూడోసారి కూడా గెలిచినాము. ముద్దుకృష్ణను తీసేసి వాడి అన్న కొడుకును కూర్చోబెట్టినారు ఆ దొంగలు! మిషను ముఖం మళ్ళా ఏజెంటు వైపు తిరిగింది. నేను అడిగితే "మీ మామను పిలుచుకోనిరా, తుపాకీ తెస్తాడు" అని ఆ కొత్తోడు ఎగతాళి చేసినాడు. నాకు రక్తం ఉడికింది. మిషను ఎత్తి నేలకేసి కొట్టినాను. పాలబండి వస్తా వస్తా ఇది చూసి, సెంటరు దాకా రాకుండానే వెనక్కి తిరిగి పారిపోయింది. పిల్లోళ్ళు రాళ్ళేసుకుంటా గుట్ట మలుపు దాకా తరిమినారు. అప్పటినుంచీ ఆ బండి మా పల్లెలో అడుగు పెట్టింది లేదు! అర్థమాయనా? మా పల్లెను చూసి డైరీ భయపడతాండాది!

ఇంకో నోరు వెతుకు, ఇంకో నోరు వెతుకు. గెలుస్తాండేవోడికి ఎవురైనా ఈ మాట చెప్తారా? నీకు భయం. నీ యుద్ధం సంగతి నాకు తెలుసు, అమ్మ చెప్పింది. శ్రీలంకకు పోయినారు, ఓడిపోయినారు, ఓడెక్కి ఇంటికొచ్చినారు. ఓడినోడు నాకు యుద్ధం నేర్పించాల్సిన పనిలే.

విన్సెంట్.

*

కుప్పం,
ఆగస్టు నెలాఖరు.

విన్సెంటూ,

ఓడిపోయి రాలేదురా. అదే నా బాధ.

ఎనభై ఏడులో మమ్మల్ని సముద్రం దాటించినారు. శాంతిసేన అన్నారు. ఒక కూడలి చెప్పినారు, పోయి గెలిచినాము. ఆడ ఒక సైకిలంగడి, వెనకాల తాటితోపు. నా పక్కన పలమనేరు వోడు ఒకడుండె, వాడి పేరు కూడా శివకుమారే. గెలిచిన సంతోషంలో వాడు ఆ అంగడి గోడమీద బొగ్గుతో తెలుగులో తన పేరు రాసుకున్నాడు. మా ఊరోళ్ళు ఎవురన్నా వస్తే చూస్తారు అన్నాడు. పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ఇంకో చోటికి పోండి అని. పోయినాము. మేము తరిమినోళ్ళు తిరిగొచ్చినారు. మళ్ళా పోయి మళ్ళా గెలిచినాము. ఆ రెండో గెలుపులో శివకుమార్ పోయినాడు, తను రాసుకున్న పేరుకు బారెడు దూరంలో. మళ్ళా వదిలేసినాము. మూడోసారీ గెలిచినాము. గోడమీద పేరు అట్లే ఉండె.

మూడోసారి నేను మా ఆఫీసరు సాబును అడిగినాను. "ఇది మనదైనాక ఏం చేస్తాము సార్?" అని. ఆయన మంచోడే. మ్యాపు చూసినాడు, నన్ను చూసినాడు. "ఇంకో కూడలి" అన్నాడు.

మొదటి నెలలో ఒక ముసలామె మాకు బిందెతో నీళ్ళిచ్చేది. కొన్నాళ్ళకు తలుపు తీసేది కాదు. ఎవురి కోసం పోయినామో వాళ్ళే మా ముఖం చూడటం మానేసినారు, మేము మాత్రం గెలుస్తానే ఉంటిమి. నా చెవులు పోయింది కూడా గెలిచి తిరిగొస్తాండే దావలోనే, మందుపాతర పేలి. నేను ఒక్క కొట్లాటలో కూడా వెనకడుగు వేయలేదు. చివరికి ఓడెక్కండి అన్నారు, ఎక్కినాము. మద్రాసులో దిగినప్పుడు మమ్మల్ని ఎవురూ ఏమీ అడగలేదు. అడిగింటే ఏం చెప్పాలో మాకు తెలీదు. అన్నీ గెలిచినాము. దేనికి గెలుస్తాండామో పంపించినోళ్ళు కూర్చోని ఆలోచించలేదు, అంతే.

ఇంక మీ పల్లె సంగతి. విమల నాకు రాసింది. నువ్వు రాత్రిపూట కూడా అంగట్లోనే ఉంటాండావంట; నీకు చెప్పద్దు అన్నది, చెప్తాండాను. నొప్పి కాలితో మీ అమ్మ చెరువు కట్ట దాటి పక్కూరి సెంటరుకు క్యాను మోస్తాండాది. ఆడ మీ పల్లెవోళ్ళ పేరున పోయించుకోరంట, వాళ్ళ ఊరి మనిషి పేరున పోయాల. ఆమె ఒక్కతే కాదు. పటాసులు కాల్చిన చెంగయ్య అందరికంటే ముందు పోయినాడు, మోటారుసైకిలు మీద. బండి పారిపోయింది అని నువ్వు రాసినావే, అది పారిపోలేదురా. మీ పల్లెను వదిలేసింది.

అందరూ పోయినారు, రెడ్డెమ్మ తప్ప. "విన్సెంటుకు మాటిచ్చినాను, దొంగ పేరున పోయను" అన్నదంట. ఆమె ఆవు సంగతి నువ్వే పోయి చూడు.

సత్యానందం.

*

మదనపల్లె,
అక్టోబరు.

మామా, వందనాలు.

ఊరు మారింది, చూసినావు గదా. మిషను పగలగొట్టిన కేసులో కొన్నాళ్ళు లోపల పెట్టినారు. ఇప్పుడు బెయిలు. కేసు తేలేదాకా పుంగనూరు పక్కకు రాకూడదని షరతు. మార్కెట్టు యార్డు దగ్గర ఒక రూములో ఉండాను, టమోటా క్రేట్లు లారీకి ఎత్తే పని దొరికింది.

లోపలికి పోకముందు, నీ ఉత్తరం అందిన పొద్దే రెడ్డెమ్మత్త ఇంటికి పోయినాను. కొట్టం ఖాళీ. గుంజకు పలుపు మాత్రం చుట్టి ఉండాది. పాలు కొనేవోడు లేక ఆయమ్మ పూటకింత తగ్గించి పిండిందంట, పాలియ్యడం దానంతట అదే ఆగిపోతాదిలే అని. పొదుగు వాచింది, గడ్డ కట్టింది. డాక్టరు వచ్చేసరికి రెండు చన్నులు పోయినాయి. పాలియ్యని గొడ్డును పుంగనూరు సంతలో కోతకు కొనేవోళ్ళే కొన్నారు.

నన్ను తిట్టలేదు మామా. తిట్టింటే బాగుండు. "రాప్పా, కూర్చో" అని పీట వేసింది. ఎప్పుడూ చెంబుతో పాలిచ్చే మనిషి, నీళ్ళు తెచ్చిచ్చింది. నేను తల దించుకోని ఉంటే, "యాల అట్ల ఉండావు? మనం గెలిచినాము గదప్పా" అన్నది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఆయమ్మకు నేను అట్లే చెప్పినాను గదా, మూడుసార్లు.

నీకు పోయినసారి రాసిన మాటలు, ఆ ఉత్తరం చించేయి.

నువ్వు అడిగిన వరస ఇప్పుడు రాస్తాండాను. మా పల్లె పాలు ప్రతిపూటా ఎవురో ఒకరు కొనాల. ఇంతే. ఇందులో ముద్దుకృష్ణ పేరు లేదు చూసినావా? నాకు వాడిని ఓడించేది ముఖ్యమై కూర్చుండె. ఇప్పుడు వాడు మళ్ళా సెంటరు అరుగు మీదనే పేపరు చదువుకుంటా కూర్చుంటాడంట. పాలే రాని సెంటరులో!

విన్సెంట్.

*

కుప్పం,
నవంబరు.

విన్సెంటూ,

చించలేదు. దాచి పెట్టినాను. నీ కొడుకు నీకు ఇట్లే రాసినప్పుడు చదువుకుందువు.

వరస బాగుండాది. అది ముందు రాసింటే రెడ్డెమ్మ ఆవు బతికింటాది. నువ్వు దీన్ని మర్చిపోయేట్టు నేను ఓదార్పు మాటలు రాస్తానని కాచుకోవద్దు.

నిన్ను పల్లెలోకి రానీలేదు గదా, మదనపల్లెలో ఉండమన్నారు గదా. సరే. పాలు పోసే చోట నువ్వు లేవు, పాలు తాగే చోట ఉండావు. తిరుగు. నేను మీ పల్లెలో విమల ఇంటికి మారతాండాను. క్యాన్లు చూసుకునే పని నాది. చెవిటోడితో ఎవురూ జగడం పెట్టుకోలేరు, అదొక సుఖం.

సత్యానందం.

*

మదనపల్లె,
డిసెంబరు.

మామా, వందనాలు. ఇది నువ్వు చదివి, ఆదివారం అందరినీ పిలిచి అమ్మతో గట్టిగా చదివించు.

తిరిగినాను. యార్డు చుట్టూ ఉండే టీ అంగళ్ళన్నీ అడిగినాను. ఒకాయప్ప నా ముఖం చూసి, "నువ్వు పాలు రోడ్డుమీద పోసినోడివి గదా? వీడియోలో చూసినాములే. మాకొద్దు సామీ" అని దండం పెట్టినాడు. తిరుపతి దాకా పోయిన వీడియో గదా, మదనపల్లెకు రాకుండా ఉంటాదా? ఇంకో అంగట్లో మన కరపత్రంలోనే మిరపకాయ బజ్జీ చుట్టిచ్చినాడు. తిన్నాను.

చివరికి అంగళ్ళు అనే ఊర్లో ఒక ప్రైవేటు హాస్టలు వంట చూసుకునే వెంకటరత్నమ్మ ఒప్పుకున్నాది, తోడుగా రెండు టీ అంగళ్ళు. ఆయమ్మ మాట ఆయమ్మ నోటితోనే వినండి. "మీ కొట్లాటలు మీరు చూసుకోండప్పా. ఒక్క పూట పాలు తప్పితే ఆ పిల్లోళ్ళు నన్ను నమిలి మింగుతారు. తప్పితే ఇంక రావద్దు." ఇదే మన ఒప్పందం. దీంట్లో మనం ఎవురినీ ఓడించేది లేదు. ఒక్క పూట కూడా తప్పకూడదు, అంతే.

పాలు మోసేది వెంకటేష్. మనం బండికి గాలి తీసిన డ్రైవరే. మన పల్లె రూటు ఎత్తేసినప్పుడు డైరీ అతన్నీ తీసేసింది. ఇప్పుడు సరుకుల ఆటో తోలుతాండాడు. నేను పోయి అడిగితే ఆటో టైర్ల పక్క చెయ్యి చూపించినాడు. తర్వాత, "ఈసారి గాలి తీస్తే మూడు టైర్లేలే, మీకు పని తక్కువ" అన్నాడు. నేను నవ్వలేకపోయినాను. వస్తాను అన్నాడు.

ఇంక చెంగయ్యన్నకు ఒక మాట. నువ్వు పక్కూర్లో వేరే పేరున పోస్తాండావని నిన్ను ఎవురూ ఏమీ అనరు. నీ పేరున పోయాలనిపిస్తే రా. రాకపోయినా, ఆటో దావలో నీ మోటారుసైకిలు మాత్రం అడ్డం పెట్టద్దు. డైరీని తిట్టే బోర్డులు, జెండాలు ఏమీ వద్దు. ముద్దుకృష్ణ అరుగు మీద నవ్వితే నవ్వనీయండి. ఫ్యాట్ మిషను లేదు. మన పల్లెకు ఉండిన ఒక్క మిషను నేను పగలగొట్టినాను. అందుకే లీటరు కొలత, చిక్కదనం చూసి తీసుకుంటారు. కొలిచేది రెడ్డెమ్మత్త. ఆవు లేని మనిషి ఎవురి పక్కా మొగ్గదు. నేను కాదు అడిగింది, మన కథంతా విని వెంకటరత్నమ్మే "ఆ రెండు చెంబులామె కొలిస్తే తీసుకుంటాను" అన్నది. రెడ్డెమ్మత్తను అడిగే ధైర్యం నాకు లేదు మామా. ఇది చదివించేముందే నువ్వు అడుగు. కాదంటే ఆయమ్మను బలవంతం చేయొద్దు, ఇంకెవురినైనా చూద్దాం. ఆయమ్మ కొట్టం ఖాళీగా ఉండాది, అందులోనే పోసుకోనిస్తే చాలు.

మొదట్లో నలభై ఇండ్లు బండికి అడ్డం నిలబడినాము. ఇప్పుడు ఎన్ని వస్తాయో తెలీదు. గొడ్డు అమ్ముకున్నోళ్ళు రాలేరు. కోపం ఉండేవోళ్ళు రారు. వాళ్ళ కోపం న్యాయమే. మొదటి ఉత్తరంలో తప్పు చేసినోడి పేరు రాసినాను గదా. ఇప్పుడు దాని కింద నా పేరు కూడా రాసుకోండి.

నేను ఉండను, ఉండకూడదు. ఆటో ఈడికి చేరేసరికి యార్డు గేటు ముందర నిలబడి ఉంటాను.

సోమవారం, తెల్లారి అయిదు గంటలకు, రెడ్డెమ్మత్త కొట్టం కాడికి రండి. క్యాన్లు వేణ్ణీళ్ళతో కడుక్కోని రండి. అరవద్దు, ఆటో ఎవురి కోసమూ ఆగదు. అయిదు గంటలకు.

విన్సెంట్.